తప్పు నాదేనండీ

ఎక్కడ ఎవరి చేతిలో ఏ కుండ పగిలినా తప్పు తనదేననడం యలమందయ్యకున్న ఒకే ఒక్క జబ్బు. కుమ్మరి సారె ముందు కూర్చుంటే మాత్రం మహా పనిమంతుడు. విచ్చిన పత్తికాయను చూసొచ్చి పులుసు చట్టికి అలాంటి అంచే తీస్తాడు. మూతకి పిడి పెట్టమంటే మిరపకాయ తొడిమలా వంచి పెడతాడు. పర్చూరు చుట్టుపక్కల ఆ చట్టిలో పులుసు కాచుకోని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు, కాస్త అబద్ధం, అంతే.

గేదె కాలేసి కుడితి తొట్టిని ముక్కలు చేస్తే, "మట్టి సరిగ్గా తొక్కలేదండీ, తప్పు నాదే" అన్నాడు. మిరపకాయల ట్రాక్టరు వెనక్కొచ్చి నీళ్ల కుండను నొక్కేస్తే, డ్రైవరు బాజీ కంగారుగా దిగాడు.

"నీదేం లేదు బాజీ. కుండ గోడ నేనే పల్చగా లాగాను."

"ట్రాక్టరెక్కితే ఏ గోడైనా పల్చనే కదా బాబాయ్!"

"కాదురా, తప్పు నాదే."

కుండ పోయినవాళ్లకి మర్నాడే కొత్త కుండొచ్చింది. బాజీకి మాత్రం ఇప్పటికీ ఏమీ అర్థం కాలేదు.

బాజీ సంగతి అలా ఉంచండి, ఇన్నేళ్లు కాపురం చేసిన భార్య శివపార్వతికే అర్థం కాలేదు. ఆ ఇంట్లో మట్టి, సారె ఆయన పని. ఆము పేర్చి కుండలు కాల్చడం ఆమె పని. కాల్పు విషయంలో ఆమెకు కాస్త పొగరుంది. ఉండాల్సిందే కూడా. అలాంటిది సంతలో ఎప్పుడూ తమ దగ్గరే కుండలు కొనే మాబు సాహెబ్ ఎదురై, "ఏంటమ్మా, ఈ మధ్య మీ కాల్పు తగ్గిందంటగా?" అనేసరికి ఆమెకు తల తిరిగింది.

"ఎవరన్నారు?"

"మీ ఆయనే!"

ఇంటికొచ్చి నిలదీసింది.

"ఏమయ్యా, నా కాల్పుకేమొచ్చింది?"

"ఏమీ రాలేదే. బంగారం."

"మరి తగ్గిందని ఊరంతా చెప్పావంట?"

"చెప్పాను."

"ఎందుకు?"

"కుండ పగిలింది కదా!"

ఈ జవాబు విన్నాక ఎవరికైనా మతి నిలుస్తుందా? ఆ పూట శివపార్వతి కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. యలమందయ్య ఒక ముద్ద తిని, "చట్టి ఉప్పు పీల్చినట్టు లేదే, తప్పు..." అనబోయి, ఆమె చేతిలో గరిటె చూసి ఊరుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి హోటలు మేనేజరు అనిల్ కుమార్ దిగాడు. వాళ్ల హోటల్లో పప్పూ పులుసూ మట్టిచట్టిలోనే వడ్డించాలట. ఆ ఆర్డరొస్తే ఆముకి రేకుల షెడ్డు వేయించుకోవచ్చని శివపార్వతి ఆశ. వానొచ్చినప్పుడల్లా టార్పాలిన్ పట్టుకుని పరిగెత్తలేక ఆమె ప్రాణం విసిగిపోయింది.

"చట్లు చాలా బాగున్నాయండీ. కానీ పగులుతున్నాయని విన్నాను. వాడుతున్న ఇంట్లో ఒకసారి చూడొచ్చా?" అన్నాడు అనిల్ కుమార్.

కిందటి వారమే చట్టి కొన్న పక్కూరి కోటమ్మ ఇంటికి తీసుకెళ్లారు. వీధి మొదట్లోనే కోటమ్మ గొంతు వినబడింది.

"వచ్చి నెల కాలేదు, పొయ్యి మీది చట్టి పగలగొట్టింది! ఇల్లేమైపోవాలి? ఇప్పుడే మీ నాన్నకి ఫోన్ చేస్తా. వచ్చి తీసుకుపొమ్మంటా!"

లోపల చట్టి ముక్కలై ఉంది. పులుసు వసారా దాకా పారింది. కొత్త కోడలు శ్రీరమ్య మూలన బిక్కచచ్చి నిలబడింది. యలమందయ్య ఆ పులుసులోంచే నడిచెళ్లి ఒక పెంకు తీసి చూశాడు.

"అమ్మాయి చేసిందేముంది కోటమ్మక్కా? సెగకే చిట్లింది. కాల్పు తక్కువ. తప్పు నాదే."

కోటమ్మ గొంతు సగానికి తగ్గింది. "అంటే, దీని చేతిలో పగల్లేదా?"

"చేతిలో ఉండగా దానంతటదే పగిలింది."

కోటమ్మ శివపార్వతి వైపు తిరిగింది. "కాల్చేదానివి నువ్వు కదమ్మా. నిజమేనా?"

శివపార్వతి పెంకు అందుకుంది. కాల్పు తక్కువైతే నడుమ నల్లగా ఉంటుంది. ఇది లోపలా బయటా ఒకే ఎరుపు. కింద పడితే తప్ప పగలదు. పక్కనే అనిల్ కుమార్ చెవులు రిక్కించి వింటున్నాడు. ఉన్నమాట చెబితే తన పేరూ షెడ్డూ రెండూ దక్కుతాయి. కానీ శ్రీరమ్య ఆమెనే చూస్తోంది. వేడి పులుసు పడి ఆ పిల్ల పాదం కందిపోయింది. అది ఎవరూ చూడనేలేదు.

తన మొగుడు ఇన్నాళ్లూ ఎవరెవరి తప్పులు నెత్తినేసుకున్నాడో శివపార్వతికి అప్పుడు అర్థమైంది.

"నిజమే వదినా. వానొచ్చేట్టుందని ఆ రోజు ఆము తొందరగా విప్పేశాను. ముందు ఆ పిల్ల కాలికి చన్నీళ్లు పొయ్యి."

"అయ్యో, కాలిందా? చెప్పవేంటే!" అంటూ కోటమ్మ చెంబు కోసం పరిగెత్తింది.

అనిల్ కుమార్ ఆలోచించి ఫోన్ చేస్తానన్నాడు. అలాంటి ఫోన్లు ఎప్పుడొస్తాయో శివపార్వతికి తెలుసు. మొగుడి బండి వెనకెక్కి, ఆ ఊరు దాటాక మొదలెట్టింది.

"ఇకమీదట ఏది పగిలినా మట్టి తప్పని చెప్పు. అది నీ పని. నా కాల్పు జోలికొచ్చావంటే ఊరుకోను."

"అట్లాగేలే."

"ఇంకోటి. వేడి చట్టికి పట్టుకోడానికి చెవులు లేకపోతే ఆ పిల్ల ఎట్లా దించుతుంది? ఈ ఒక్కదాంట్లో తప్పు నిజంగా నీదే."

యలమందయ్య బండి ఆపి వెనక్కి తిరిగాడు. తప్పు నీదేనని ఇంకొకళ్లు అనడం ఆయన ఎప్పుడూ వినలేదు.

"నాదెట్లా అవుతుందే?" అన్నాడు బిత్తరపోయి.

అన్నాడే గానీ, శ్రీరమ్యకి పంపిన కొత్త చట్టికి రెండు చెవులున్నాయి.