చాంగీ ఇసుక మైదానం ఖాళీ స్థలం కాదు

పోయిన ఏడాది ఇదే బ్లాగులో నేనొక చెత్త మాట రాశాను. "సింగపూర్‌లో ఎడారి చూడాలంటే చాంగీ దాటి తూర్పు ఒడ్డుకు వెళ్ళండి. అక్కడ ఏమీ లేదు, అంతా ఖాళీ, ఫొటోలకు బ్రహ్మాండం." యీషున్‌లో మా బ్లాకులోనే ఉండే ఎనభై ఏళ్ళ అప్పన్న అంకుల్‌కి మనవరాలు అది చదివి వినిపించిందట. ఆయన నన్ను లిఫ్టు దగ్గర ఆపి అడిగేశారు. "ఏటమ్మా, కాళీ అని రాసీసేవట? మా నాయిన అస్తికలు కలిపిన సముద్రం ఆ ఇసక కిందే ఉంది." నాకు తల కొట్టేసినట్టయింది.

అంకుల్ తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరితోటలో పనికి వచ్చి, ఆ ఒడ్డునే కాపురం పెట్టాడు. ఏటా ఆయన తిథికి అంకుల్ అక్కడే తర్పణం వదిలేవారు. సముద్రాన్ని పూడ్చి కంచె వేశాక ఇంట్లోనే కానిచ్చేస్తున్నారు. మోకాళ్ళు పూర్తిగా పడిపోకముందే ఒక్కసారైనా అక్కడ నీళ్ళు వదలాలని ఆయన కోరిక. ఈసారి తిథి శనివారం వచ్చింది. రాసిన పాపానికి నేనే తీసుకెళ్తానన్నాను.

ఎనిమిదింటికి యీషున్‌లో రైలెక్కి, సిటీ హాల్‌లో మారి, టనా మెరాలో దిగేసరికి తొమ్మిదిన్నర. టికెట్టు రెండు డాలర్ల పైచిలుకు. అక్కడి నుంచి టాక్సీకి పదిహేను డాలర్లయింది. "అక్కడికెందుకు ఆంటీ? నథింగ్ దేర్ లా, ఓన్లీ సాండ్," అన్నాడు డ్రైవర్ సింగపూర్ ఇంగ్లీషు యాసలో. అచ్చం నేను రాసిన మాటే! ఒళ్ళు మండిపోయింది, కానీ ఏ మొహం పెట్టుకుని తిట్టను?

దిగిన చోట కంచె అవతల కనుచూపు మేర ఇసుక, అక్కడక్కడ సరుగుడు మొక్కలు. అంకుల్ చేతికర్రతో మేం నిలబడ్డ రోడ్డునే చూపించారు. "ఇదే ఒడ్డు. ఇక్కడే మా కంపోంగ్, అదే మా పల్లె, ముప్పై కొంపలుండీవి. పోటు వస్తే నీరు మా మెట్లకి కొట్టీది." పరాయి దేశాల నుంచి ఓడల్లో ఇసుక తెచ్చి పోశారు. ముప్పై కుటుంబాలు ఫ్లాట్లలోకి చెదిరిపోయాయి. లోపలికి రావద్దన్న బోర్డులు వరసగా ఉన్నాయి గానీ, ఇక్కడ ఒక ఊరుండేదని చెప్పే పలక ఒక్కటీ నాకు కనబడలేదు. ఇదెక్కడి న్యాయం?

కంచె వెంబడి ఆయన చెప్పిన చోటు వెతికేసరికి పదకొండయింది. నీడ లేదు, నాలుక పిడచకట్టుకుపోయింది. అంకుల్ సంచిలోని సీసా తీసి గటగటా తాగేశాను. ఆయన రాగి చెంబు, నల్ల నువ్వులు, దర్భలు బయట పెట్టి సీసా కోసం చెయ్యి చాపాక గానీ నేనేం చేశానో తెలియలేదు. అవి తర్పణం నీళ్ళు! "పోన్లేమ్మా, దాహం," అన్నారు అంకుల్. ఆ మాటకి నా మీద నాకే అసహ్యం వేసింది.

కంచె లోపల పనిచేస్తున్న ఒకతను మా మాటలు విని వచ్చాడు. "లోనికి రానిస్తే నా పని పోతాది పెద్దాయనా. నీళ్ళైతే ఇస్తా," అంటూ తన సీసా కంచె కింద నుంచి తోశాడు. మరి నీకో అన్నాను. "మాది అనంతపురం పక్క. నీళ్ళు లేకుండా ఉండేది మాకు కొత్త గాదులేక్కా."

అంకుల్ చెప్పులు విడిచి, కాలే ఇసుకలో దక్షిణం వైపు తిరిగి, కంచె సందులోంచి మణికట్టు దాకా చెయ్యి పెట్టి మూడుసార్లు నీళ్ళు వదిలారు. ఇసుక వెంటనే పీల్చేసుకుంది. అవతల అతను హెల్మెట్ తీసి నిలబడ్డాడు.

ఎడారికి చరిత్ర ఉండదనుకోవడం చూడవచ్చినవాళ్ళ పొగరు. ఆ పొగరు నాకూ ఉండేది. పాత పోస్టు తీసేశాను. మీరు వెళ్తే రెండు సీసాల నీళ్ళు తీసుకెళ్ళండి, అక్కడ కుళాయి లేదు. ఒకటి మీరు తాగండి. రెండోది ఆ ఇసుక కింద ఉన్నవాళ్ళది.