తెలుపు మీద మిరప మరక

ఈ మాట నా గొంతులో మిరపగింజలా అడ్డంపడి ఏళ్లు గడిచాయి. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. మా ఆయనకు తెలియదు. అమ్మకు తెలియదు. నాన్నకు కూడా తెలియదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలిపడకండి. నాకిప్పుడు కోపంగా ఉంది. చాలామంది మీద ఉంది. అందరికంటే ముందు నా మీద.

మా పాప పక్కనే నిద్రపోతోంది. చెంప మీద కన్నీటి చార ఎండిపోయి కనిపిస్తోంది. పంద్రాగస్టు పూట దాన్ని ఏడిపించింది నేనే. ఎందుకో చెప్పాలంటే నా తొమ్మిదో తరగతికి వెళ్లాలి.

మాది ప్రత్తిపాడు దగ్గర ఊరు. ఇంటి వెనకే కల్లం. జనవరి వచ్చిందంటే అక్కడ నేల కనిపించేది కాదు, అంతా ఎర్రగా మిరపకాయలే. ఊరి హైస్కూల్లో నేను లీడర్‌ని. నాకు తోడుగా ఇంకో అమ్మాయి ఉండేది. ఆమెను ఇక్కడ దీవెన అంటాను. అసలు పేరు అది కాదు. ఆమెను ఒకసారి నలుగురిలో నిలబెట్టాను, మళ్లీ నిలబెట్టే హక్కు నాకు లేదు. వాళ్లది చర్చి వెనక పేట. వాళ్ల అమ్మ మా కల్లంలో కాయలు ఏరేది, తొడిమలు తీసేది. బడి అయ్యాక దీవెన కూడా వచ్చి కూర్చునేది.

రిపబ్లిక్ డేకి జెండాని పూలరేకులతో సహా మడిచి, పొట్లంలా కట్టి, ముందే స్తంభం చివరికి లాగి ఉంచుతారు. హెడ్మాస్టారు తాడు గుంజగానే ముడి విడిపోయి జెండా విచ్చుకోవాలి, పూలు రాలాలి. మా ఇంట్లో కరెంటు ఇస్త్రీపెట్టె ఉంది కాబట్టి ఉతికి ఇస్త్రీ చేసే పని నాది. మడిచి కట్టే పని దీవెనది. కాషాయం పైకి వచ్చేలా, ఒక్క గుంజుకే విడిపోయేలా ఆ పిల్ల వేసే ముడి మా బడిలో ఇంకెవరికీ రాదు. ఇది ఊరందరికీ తెలుసు. తర్వాత నేను వాడుకున్నది దాన్నే.

ఆ ఏడు ముందురోజు సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కోతకొచ్చిన పంట మీద వాన ఎలా ఉంటుందో, ఆరబోసిన కాయ మీద వాన అంతకంటే ఘోరం. కాయ తడిస్తే తెల్లబడి తాలైపోతుంది. ఇంటిల్లిపాదీ పరుగెత్తాం. పట్టలు చాల్లేదు. దుప్పట్లు వేశాం, అమ్మ చీరలు వేశాం. చివర ఒక కుప్ప మిగిలిపోయింది. తీగ మీద జెండా ఆరుతోంది. ఖద్దరు, దుప్పటంత వెడల్పు. లాగి కప్పేశాను.

"అది వద్దే, జెండా అది!" అని అరిచింది దీవెన. తను వానలో తడుస్తూ మా కాయలకే పట్ట లాగుతోంది అప్పుడు.

"నీకెందుకే?" అన్నాను.

జెండాని దేనిమీదా దుప్పటిలా కప్పకూడదని నాకు తెలియదా? తెలుసు. పుస్తకంలో చదివాను, మర్నాడు చెప్పబోయే ఉపన్యాసంలో రాసుకున్నాను కూడా. కాయ తడిసిపోతుంటే మా ఇళ్లలో ఎవరికీ ఇంకేదీ గుర్తుండదు. అక్కడితో ఆగి ఉంటే అది పొరపాటే. ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

తెల్లారి చూస్తే తెల్లపట్టీ మీద అరచెయ్యంత ఎర్రమరక. నేతలో గింజలు, దుమ్ము. దులిపాను. ఉతకడానికి వ్యవధి లేదు, ఉతికినా ఆరదు. హెడ్మాస్టారికి చెప్పే ధైర్యం లేదు. మరక లోపలికి పోయేలా నేనే మడిచి, నేనే రేకులు పెట్టి బడికి పట్టుకెళ్లాను.

"మళ్లీ ఉతికావా?" అంది దీవెన.

"ఊఁ."

"ఇటివ్వు, మడత సరిగ్గా పెడతా."

"టైం లేదు. కట్టెయ్."

కట్టింది. అందరూ చూస్తుండగా కట్టింది.

హెడ్మాస్టారు తాడు గుంజారు. బంతిపూల రేకులతో పాటు మిరపగింజలు రాలాయి, వాటి వెంట దుమ్ము. వెంటనే జాతీయగీతం మొదలైంది. గీతం పాడుతుండగా కదలకూడదు కదా. ఆయన కళ్లలోంచి ధారలు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, చేతులు మాత్రం తొడలకు అంటుకునే ఉన్నాయి. పిల్లలు నవ్వు ఆపుకోలేక వణికిపోతున్నారు. పైన మరక అందరికీ కనిపిస్తోంది.

గీతం అయ్యాక ఆయన నావైపు తిరిగారు. నన్ను అనుమానించి కాదు. లీడర్‌ని కాబట్టి. ఆ ఒక్క క్షణంలో నేను ఎంత ఆలోచించానో ఇప్పటికీ ఆశ్చర్యమే. భయంతో నోరు జారిందని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నోరు జారలేదు. ఎంచుకుని, తూకం వేసుకుని మాట్లాడాను.

"మడత పెట్టేది దీవెనేనండి. నిన్న వాళ్లింటికి పట్టుకెళ్లింది."

ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. మా కల్లం బడికి కూతవేటు దూరంలో ఉంది, ఊళ్లో సగం కాయ అక్కడే ఎండుతోంది. అయినా ఒక్క మాస్టారూ "మీ ఇంట్లో ఆరేశావా అమ్మా?" అని అడగలేదు. నా అబద్ధం అంత సులువుగా ఎలా చెల్లింది? వాళ్లు నమ్మడానికి ముందే సిద్ధంగా ఉన్నారు కాబట్టి. నేను అందించానంతే. "మీ పేట బుద్ధులు జెండా దాకా తెచ్చావా?" అంటూ హెడ్మాస్టారు అందరి ముందూ బెత్తంతో కొట్టారు. తర్వాత కార్యక్రమం సాగింది. నా ఉపన్యాసం. కాషాయం త్యాగానికి, తెలుపు సత్యానికి, శాంతికి, ఆకుపచ్చ పాడిపంటలకు అని గడగడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. దీవెన వరుసలో నిలబడి నన్నే చూస్తోంది.

పంపు దగ్గర పట్టుకుంది నన్ను. చేతులు నీళ్ల కింద పెట్టి ఉంది.

"నిన్న నేను వద్దన్నానే. సారుకి చెప్పనా?"

ఇదిగో, ఎవరికీ చెప్పనిది ఇది. ఆ మొదటి అబద్ధం కాదు.

"చెప్పు," అన్నాను. "రేపట్నుంచి మీ అమ్మ మా కల్లానికి రానక్కర్లేదు."

చేతులు నీళ్ల కిందే ఉంచి నావైపు తిరిగింది. "నేనేం చేశానే నీకు?" అంది. సారుకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

మరకపడ్డ జెండా ఎగరకూడదన్నారు సాంఘిక శాస్త్రం మాస్టారు. పాడైన జెండాని నలుగురి కంటా పడకుండా, ముక్కలు చేయకుండా, మర్యాదగా దహనం చేయాలట. ఆఫీసు గది వెనక, తలుపులు మూసి, మాస్టార్లు నిటారుగా నిలబడి ఆ పని చేశారు. లీడర్‌ని కదా, నన్నూ పిలిచారు. నేనూ నిటారుగా నిలబడ్డాను. అప్పుడు రాని ఆలోచన ఇప్పుడు నన్ను దహిస్తోంది. పాడైన గుడ్డ పరువు కాపాడటానికి తలుపులు మూశారే, ఏ పాపమూ ఎరగని పిల్లని కొట్టడానికి బడంతటినీ ఎందుకు నిలబెట్టారు? గుడ్డకున్న నియమం మనిషికి లేదా? వాళ్లను అడుగుతున్నాను. నన్ను నేను ప్రశ్నించుకుంటున్నాను. జెండాని అవమానించింది మిరపకాయ కాదు.

దీవెనకి "జెండా మిరపకాయ" అని పేరు పడింది. పదో తరగతి మా బడిలో చదవలేదు. చిలకలూరిపేటలో పిన్ని దగ్గరికి పోయి స్పిన్నింగ్ మిల్లులో చేరిందని విన్నాను. నేను కాలేజీకి వెళ్లాను. హైవే మీద మిల్లు బస్సు ఎదురైతే ఇప్పటికీ తల కిటికీ వైపు నుంచి తిప్పుకుంటాను.

ఈరోజు నాన్న మా ఇంటికి భోజనానికి వచ్చారు. పాప గౌను మీద కాగితం జెండా చూసి, కథ ఎత్తుకున్నారు. "మీ అమ్మ బడిలో జెండా ఎగరేస్తే మిరపగింజలు రాలాయే! హెడ్మాస్టారు కళ్లు నులుముకోలేక, చిందులొక్కటే తక్కువ!" పాప పడీపడీ నవ్వింది. ఎవరు చేశారు తాతయ్యా అంది. "చర్చి వెనక పేట పిల్ల ఒకతిలే. వాళ్ల ఇళ్లన్నీ అంతేగా" అన్నారు.

"మా క్లాసులో బ్లెస్సీ కూడా చర్చికెళ్తుంది. వాళ్లిల్లు కూడా అంతేనా?"

"నోర్ముయ్!" అని అరిచాను. ఎవరి మీద? ఆ మాట అన్న పెద్దాయన మీద కాదు. అడిగిన ఆరేళ్ల పిల్ల మీద. మళ్లీ నోరులేనిదే దొరికింది నాకు.

అది బిత్తరపోయి, "నేనేం చేశానమ్మా?" అని ఏడ్చింది.

అదే మాట. అవే అక్షరాలు. చేతిలో అన్నం ముద్ద కంచంలో పడేసి చెప్పాను. "ఆ జెండాని మిరపకాయల మీద కప్పింది నేనే. ఆ అమ్మాయి వద్దంది. నేను అబద్ధం చెప్పి తనని కొట్టించాను. తన ఇంట్లో ఏ దుమ్మూ లేదు, దుమ్మంతా మనింట్లోదే."

నాన్న "నిజమా?" అని అడగలేదు. "పిల్ల ముందు ఇప్పుడవన్నీ తవ్వడమెందుకు?" అన్నారంతే, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ. ఆయనకు మొదట్నుంచీ తెలుసు. తెలిసే నవ్వుకుంటూ వచ్చారు. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలియడం లేదు.

ఇది రాస్తే దీవెన చేతుల మీది వాతలు మానవు, ఆమె చదువు తిరిగి రాదు. నన్ను క్షమించమని ఎవరినీ అడగను. మా పిల్ల నోట ఆ కథ రేపు బ్లెస్సీ ముందు రాకూడదు. దానికోసమే ఇదంతా.

నాన్న చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాక, పాప కళ్లు తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"ఆ అమ్మాయికి సారీ చెప్పావా?"

ఇన్నేళ్లూ ఎన్ని సాకులు పోగేసుకున్నానో. చిన్నదాన్ని, భయపడ్డాను, చిరునామా తెలియదు. ఒక్కటీ నోటికి రాలేదు.

"లేదు," అన్నాను.

ఆ గింజ గొంతులోంచి కదిలింది. మంట మాత్రం అలాగే ఉంది.