రెండో చప్పుడు

పోయిన మంగళవారం పొద్దున పదిన్నరకి ఆయన నెల్లూరు ఆసుపత్రిలో పోయారు. ఆయన అంటే మా అమ్మ రెండో భర్త. నా సర్టిఫికెట్లలో తండ్రి పేరు అని ఉన్న ప్రతిచోటా ఉండేది ఆయన పేరే. డాక్టరు వచ్చి చెప్పాక నేను కింద క్యాంటీనుకి వెళ్లి టీ తాగాను. చక్కెర ఎక్కువైందనిపించింది. అప్పటినుంచి చుట్టాలందరూ నా మొహం చూసి ఏడుపు కోసం ఎదురుచూస్తున్నారు. రావడం లేదు, ఏం చేయను? ఆయన గురించి నలుగురికీ చెప్పాలని మాత్రం ఉంది. అందుకే రాస్తున్నాను.

బోగోలుకి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉంటుంది మా ఊరు. నాకు నాలుగేళ్లప్పుడు కన్న తండ్రి పనికని చెన్నై వైపు వెళ్లి మళ్లీ రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. కోర్టులో విడాకులు వచ్చాక, నా ఎనిమిదో ఏట, అమ్మ ఈయన్ని పెళ్లి చేసుకుంది. ఈయన పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్. పెళ్లయిన మర్నాటినుంచి "నాన్నా అని పిలువు పాపా" అంటూ అందరూ వెంటపడ్డారు. నేను పిలవలేదు. ఆ మాట వెళ్లిపోయినాయనది, తిరిగొస్తే ఆయనకి ఇవ్వాలి కదా అని దాచిపెట్టుకున్నాను. బాబాయ్ అనలేదు, మామా అనలేదు. అసలు ఏమనీ పిలవలేదు.

ఒకే ఇంట్లో ఉంటూ ఒక మనిషిని పిలవకుండా బతకడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. అన్నానికి రమ్మని చెప్పాలంటే ఎదురుగా వెళ్లి నిలబడాలి. ఆయన ఇంటి పక్కనున్న షెడ్డులో ఇంజను మీద వంగి ఉంటే తల ఎత్తేదాకా ఆగాలి. చివరికి నాకో ఉపాయం దొరికింది. మా ఇనుప గేటు గొళ్లెం రెండుసార్లు కొట్టేదాన్ని. మొదటి చప్పుడు అయ్యీ కాకముందే షెడ్డులోంచి గొంతు వినపడేది.

"వస్తుండా అమ్మణ్ణీ!"

రెండో చప్పుడు ఎప్పుడూ ఆ కేకలో కలిసిపోయేది.

నాకు పన్నెండేళ్లప్పుడు దత్తత కోసం కోర్టుకి వెళ్లాం. అభ్యంతరం ఉంటే రమ్మని కన్న తండ్రికి పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఆయన రాలేదు. ఇక మిగిలింది నా మాటే. "జడ్జిగారు ఈయన ఎవరని అడుగుతారు. మా నాన్న అను, చాలు" అని లాయరు మూడుసార్లు చెప్పాడు. నేనేం చెడగొడతానో అని అమ్మకి భయం. బస్సులో దారంతా నా చెయ్యి వదల్లేదు.

జడ్జిగారు మెత్తగానే అడిగారు. "ఈయన్ని నువ్వు ఏమని పిలుస్తావమ్మా?"

నేల చూశాను. అమ్మ మొహం చూసే ధైర్యం లేదు.

"ఏమనీ పిలవను" అన్నాను.

ఆయన చేతులు కట్టుకుని లేచారు. "అది పిలవకముందే నేను పలుకుతా సార్. అందుకే దానికి పిలిచే పని పడలా."

జడ్జిగారు నవ్వలేదు. "పలుకుతారా?" అని నన్ను అడిగారు. తల ఊపాను. "ఈయన దగ్గరే ఉంటావా?" అన్నారు. "ఉంటా" అన్నాను. నెల తర్వాత కాగితం వచ్చింది. ఆ రోజు మాత్రం బయటికి రాగానే అమ్మ నా మీద చెయ్యి ఎత్తింది. ఆయన అడ్డం వచ్చారు. "అబద్ధం చెప్పలేదు గదా మే. దానికేం తొందర? నేను యాడికి పోతుండా?"

నిజంగానే ఎక్కడికీ పోలేదు. నా పుస్తకాలకి అట్టలు ఆయనే వేసేవారు. చేతులు ఎంత తోముకున్నా ప్రతి అట్ట మీదా ఓ మూల నూనె వేలిముద్ర ఉండేది. చేపల పులుసు వండిన రోజు ముట్టేవారు కాదు, మర్నాటికి దాచమనేవారు. నేనూ అమ్మా పోట్లాడుకుంటే, "ఇంజను అలిగినప్పుడు తిట్టగూడదు, చల్లారనీ" అని లేచి వెళ్లిపోయేవారు. ఉప్పు గాలికి మా ఊళ్లో ఇనుము నిలవదు. నెలనెలా గేటు బందులకి గ్రీజు పూసేవారు. గొళ్లేన్ని మాత్రం గరుకు కాగితంతో రుద్ది వదిలేసేవారు. ఎందుకని అడిగితే, "గ్రీజు పూస్తే దాని గొంతు పోద్ది" అన్నారు.

కావలి బడిలో ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక, ప్రతి శనివారం వచ్చేదాన్ని. వెళ్లిపోయినాయన వస్తాడన్న ఆశ ఎప్పుడో పోయింది. మాట నా దగ్గరే ఊరికే పడి ఉంది. కానీ ముప్పై దాటాక కొత్తగా నాన్నా అనడానికి సిగ్గేసేది. వచ్చే వారం అందాంలే అనుకుంటూ గొళ్లెమే కొట్టాను. గేటుకెదురుగా కుర్చీలోంచి ఆయన పలికేవారు. ఈమధ్య నేను ఏం చెప్పినా తల ఊపేవారు, ఫోను ఇస్తే అమ్మ చేతికిచ్చేవారు. పెద్దతనం కదా అనుకున్నాను.

ఆసుపత్రిలో స్పృహ తప్పిన రోజు నర్సు నాతో, "మీ నాన్నగారిని గట్టిగా పిలవండి మేడమ్. తెలిసిన గొంతయితే ఒక్కోసారి కళ్లు తెరుస్తారు" అంది. నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. మంచం కడ్డీ మీద చేతి గాజుతో రెండుసార్లు కొట్టాను. నర్సు నన్ను వింతగా చూసింది. ఆయన కదల్లేదు. మళ్లీ కొట్టాను. మర్నాడే పోయారు.

నాలుగో రోజున ఈ సంగతి అమ్మకి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ ఆగింది.

"ఆయనకి యాడ వినపడతాది మే? ఇంజన్ల మోతకి చెవులు పోయి ఆరేళ్లయింది."

"మరి నేను గొళ్లెం కొడితే పలికేవారు కదా?"

"చూసి పలికేవాడు. శనివారం అన్నం తినంగానే గేటుకెదురుగా కుర్చీ ఏసుకోని, నువ్వు వచ్చేదాకా కన్ను తిప్పేవాడు కాదు. నీకు చెప్పొద్దన్నాడు. వినపడదని తెలిస్తే అమ్మణ్ణి ఇంక పిలవనే పిలవదు అన్నాడు."

అంటే ఆయన ఇన్నేళ్లూ ఆ మాట కోసం ఎదురుచూశారు. నేను కళ్లు మూసుకున్న మనిషి పక్కన నిలబడి గాజు కొట్టాను. ఇది తెలిశాక కూడా నాకు ఏడుపు రాలేదు. అమ్మతో కలిసి బియ్యం ఏరాను.

నిన్న సాయంత్రం కొట్టుకి వెళ్లి తిరిగొస్తూ గేటు దగ్గర ఆగాను. కుర్చీ అక్కడే ఉంది, ఇంకా ఎవరూ తీయలేదు. అలవాటుగా చెయ్యి గొళ్లెం మీదికి పోయింది. కొట్టాను. మళ్లీ కొట్టాను. ఇన్నేళ్లలో రెండో చప్పుడు చివరిదాకా వినడం నాకదే మొదటిసారి.