మల్లయ్య నిటారుగా నిలబడిన చోటు

మైసూరులో మా యోగ గురువుగారు మొదటి కొన్ని నెలలూ నాకు నిలబడడం తప్ప ఏమీ నేర్పలేదు. మడమలు నేలకు ఆనాలి, వెన్ను నిటారుగా ఉండాలి, మనసు ఊపిరి మీద ఉండాలి. ఇదీ ఒక విద్యేనా అని విసుక్కునేవాణ్ణి.

నిజాం ఏలుబడిలోని ఎల్లారెడ్డి నుంచి ఒక వకీలుగారు తన పిల్లలకు ఆసనాలు నేర్పమని పిలిస్తే, కామారెడ్డిలో రైలు దిగి ఎడ్లబండి ఎక్కాను. బండి తోలే మల్లయ్యది నడివయసే కానీ, నడుము మాత్రం ముసలివాడిలా వంగిపోయింది. తాడ్వాయి దాటాక ఎడ్లకు నీళ్లు పెట్టడానికి వాగు దగ్గర ఆగాం. దిగుతూనే "అబ్బా" అని నడుం పట్టుకున్నాడు.

నాకు బాగా వచ్చిన విద్య నిలబడడం ఒక్కటే. అతణ్ణి నిలబెట్టి, మడమలు సర్ది, భుజాలు మెల్లగా వెనక్కి తెచ్చి, తలెత్తి ఊపిరిని గమనించమన్నాను.

"ఎలా ఉంది?"

"పానం హాయిగున్నది పంతులూ. గని గిట్ల నిలబడుడు మాకు నడ్వది. దొర ఉండే గడీ ముంగట నడుము వంచకపోతే తోలు తీస్తడు."

నా చేతులు అతని భుజాల మీదే ఆగిపోయాయి. నిటారుగా నిలబడడానికి ధైర్యం కూడా కావాలని మా గురువుగారు చెప్పలేదు. ఇక చాలనబోయాను.

మల్లయ్య దారికి అటూ ఇటూ చూశాడు.

"ఈడ దొర లేడు గద. ఇంకింతసేపు నిలబడత. మంచిగ నేర్చుకుంటే మా పోరగాండ్లకు చూపియ్యొచ్చు."

ఎడ్లు నీళ్లు తాగి తలలెత్తాయి. మల్లయ్య కదల్లేదు. వకీలుగారు ఎదురుచూస్తే చూడనీ అనుకుని, నేనూ అతని పక్కన నిలబడ్డాను.