లోరా చెంప మీది చారలు

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, మార్చి నెలలో, హాలీవుడ్ పక్కనే ఉన్న బర్బ్యాంక్‌లోని మా ల్యాబ్‌లో నాకొక పాత నలుపు తెలుపు సినిమా అప్పగించారు. నా హోదా సీనియర్ రిస్టొరేషన్ ఆర్టిస్ట్. పేరు ఘనమే గాని చేసేది తుడుపు పని: పాత ఫిల్మ్‌ను స్కాన్ చేశాక అందులోని దుమ్మునూ గీతలనూ ఒక్కో ఫ్రేమ్‌లో వెతికి తీసెయ్యడం. సినిమా నేరకథ. వాన, సిగరెట్ పొగ, పిస్తోలు, నమ్మించి గొంతు కోసే అందగత్తె. ఆ కాలంలో హాలీవుడ్ ఇలాంటివి కుప్పలుగా తీసింది. ఈ అందగత్తెను లోరా అంటాను. అసలు పేరు కాదు. నాయికగా ఆమెకిది మూడో సినిమా, ఆఖరిది కూడా. ఆ తర్వాత కొన్నాళ్లు నర్సుగా, పక్కింటావిడగా తెర మీద ఓ మూల కనిపించి మానేసింది. ఎందుకని నేను ఆలోచించలేదు. నాకు కావలసింది ఆమె ముఖం మీది దుమ్మే.

మా వృత్తిలో దుమ్మును పట్టుకోవడం తేలిక. అది ఒక ఫ్రేమ్‌లో ఉంటుంది, పక్క ఫ్రేమ్‌లో ఉండదు. పక్కదాంట్లోంచి ఆ ముక్క తెచ్చి అతికిస్తాం. ఫిల్మ్‌కు జరిగిన నష్టాన్నే బాగుచెయ్యాలి, షూటింగ్‌లో జరిగినదాన్ని ముట్టుకోకూడదన్నది నియమం. హీరో ఆమెను చెంపదెబ్బ కొట్టే సీన్‌లో, దెబ్బ ఇంకా పడకముందే, రెండు సెకన్ల క్లోజప్‌లో ఎడమ చెంప మీద నల్లటి చారలు కనిపించాయి. సెకనుకు ఇరవై నాలుగు చొప్పున నలభై ఎనిమిది ఫ్రేములు. ఆమె తల తిప్పితే చారలూ తిరిగాయి. ఫిల్మ్ మీది మరకైతే అలా తిరగదు. అది నేను చూశాను. చూసి కూడా, మేకప్ చెదిరిందిలే, అంత చక్కని ముఖానికి ఇదేం ఖర్మ అనుకుని రెండు రోజులు కూర్చుని చెరిపేశాను. పని బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

సినిమా హక్కులున్న కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూ కోసం లోరాను తీసుకొచ్చారు. తొంభై దాటిన మనిషి, వీల్‌చెయిర్‌లో ఉంది. మా చిన్న థియేటర్‌లో సినిమా వేశాం. ఆ సీన్ దాటగానే ఆపమంది. వెనక్కి తిప్పించుకుని మూడుసార్లు చూసింది.

"నా చెంప మీది వేళ్లేవి?" అని అడిగింది.

నేనే తీసేశానని చెప్పాను. ఆమె కేకలు వెయ్యలేదు, జరిగింది చెప్పింది. ఉత్తుత్తి దెబ్బ డైరెక్టర్‌కు నచ్చలేదట. నిజంగా కొట్టమన్నాడట. ఆరు టేకులు. సినిమాలో ఉన్నది ఆరోది. అప్పటికే ఐదు దెబ్బల వేళ్లు చెంప మీద తేలి ఉన్నాయి. స్టూడియోకి ఫిర్యాదు చేస్తే అలాంటిదేమీ జరగలేదన్నారు. కాంట్రాక్టు పొడిగించలేదు.

"అబద్ధమని వాళ్లన్నారు. తెర మీద చూసుకోండని నేను అప్పటినుంచీ అంటూనే ఉన్నాను," అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడేం చూపించమంటావు?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను.

మా సూపర్‌వైజర్ స్నిగ్ధ ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగమ్మాయి. మీటింగుల్లో నన్ను పేరు పెట్టి పిలిచేది, ఇద్దరమే ఉంటే అంకుల్ అనేది. "అంకుల్, ఫైనల్ మాస్టర్ కాపీ లాక్ చేసేశాం. ఓపెన్ చెయ్యాలంటే క్లయింట్ అప్రూవ్ చెయ్యాలి," అంది. తప్పు నాదేనని రాసి మరీ అడగమన్నాను. అడిగింది. వారం తర్వాత ఆ కంపెనీ నుంచి జవాబు వచ్చింది: దెబ్బకు ముందే మచ్చ ఉండటం ఆనాటి పొరపాటు, పోవడమే మంచిది, అలాగే ఉంచండి.

"నేను ట్రై చేశాను అంకుల్. వాళ్లకి క్లీన్‌గా ఉంటే చాలంట," అంది స్నిగ్ధ.

ఆ వేసవిలోనే లోరా పోయింది. టీవీలో ఆ వార్తతో పాటు వేసింది ఆ క్లోజప్పే. చెంప మీద ఒక్క గీత కూడా లేదు.

తుడవని స్కాన్ గిడ్డంగిలో ఒక టేపు మీద ఉంది. ఆ ఫ్రేముల నంబర్లూ నేను చేసిన పనీ ఫైనల్ రిపోర్టులో రాసిపెట్టాను. ఎవరైనా చదివారో లేదో తెలియదు. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు నేర్పి వచ్చింది ఒక్కటే. ముఖంతో పాటు కదిలేది మరక కాదు. దాన్ని ముట్టుకోవద్దు.