ఉమక్కను అడుగుండ్రి

సిరిసిల్ల బస్టాండులో కోరుట్ల బస్సుల వేళలు గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంటాయి. ఉమారాణి సరిగ్గా ఆ గోడ కిందే నిలబడి పక్కనున్న పెద్దమనిషిని అడుగుతుంది: "కోరుట్ల బస్సు పోయిందా బాపూ?" ఆయనకు తెలియదు. ఆయన జామకాయల బండివాణ్ణి అడుగుతాడు. బండివాడు "గిప్పుడే అస్తది" అంటాడు. ఉమారాణి మనసు కుదుటపడుతుంది. గోడవైపు ఒక్కసారి కూడా తలెత్తదు. ఆ రాత ఎప్పటిదో, రాసినవాడు ఎవడో ఎవరికి తెలుసు? మనిషి చెప్పిందే మాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత ఈవిడే లోకాన్నంతా దులిపేస్తున్నప్పుడు పనికొస్తుంది.

ఆమె పుట్టింది సిరిసిల్ల మరమగ్గాల మధ్య. తండ్రి దశరథం ఇంట్లో పొద్దస్తమానం మగ్గాలు ఆడేవి. ఆ చప్పుడులో పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. ఉమారాణి రహస్యం చెబితే మూడో ఇంట్లో ఊ కొడతారు. మెట్టింది కోరుట్లలో. భర్త మహేశ్‌కు అక్కడ ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం ఉంది. ఈమె మాత్రం సూదీదారం మహిళా కుట్టు సంఘంలో సూపర్‌వైజరు. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే సంఘం అది. ఆఫీసు జగిత్యాలలో, కుట్టు కేంద్రాలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో. ఉమారాణిది సిరిసిల్ల కేంద్రం. అందుకని వారమంతా తండ్రిగారింట్లో ఉండి, శనివారం సాయంత్రం కోరుట్ల బస్సెక్కుతుంది.

సంఘంలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఫోను ఉమారాణికే. బుగ్గారం బడిలో ఆటల సారు నిక్కరుకు రెండువైపులా జేబులు కావాలంటాడు. బీర్పూర్ బడివాళ్లకు కాలరు లోపల గట్టి గుడ్డ పడదు. చందుర్తికి వెళ్లే ఆకుపచ్చ గుడ్డ ఒక్క ఉతుక్కే కుంచించుకుపోతుంది, తడిపి ఆరేశాకే కోయాలి. ఇలాంటివన్నీ ఆమెకు నాలుక చివరే ఉంటాయి. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పి చెప్పి ఆమె గొంతు అరిగింది కానీ, ఒక ముక్క దాచుకోకుండా చెప్పుకోవాలి. చెప్పడమంటే ఆమెకు ఇష్టం కూడా. ఓ పూట ఫోను మోగకపోతే, చార్జింగు ఉందా లేదా అని తీసి చూసుకుంటుంది. ఆ మాట మీరు ఆమెతో అనకండి, మీదపడి కరుస్తుంది.

అయితే ఈ వేసవిలో ఆమె కూతురు రచన తొమ్మిదో తరగతి దాటి పదిలోకొచ్చింది. ఓ ఆదివారం అన్నం ముందు కూర్చుని, తినకుండా అంది: "అమ్మా, గీ ఒక్క యేడు నువ్వు ఇంట్ల ఉండాలె. పైసలొద్దు, ట్యూషనొద్దు. నువ్వుండు, చాలు."

కూతురు ఎప్పుడూ ఏదీ అడిగే రకం కాదు. కోరుట్ల కేంద్రంలో సూపర్‌వైజరు కుర్చీ ఖాళీగానే ఉంది. అక్కడ గుడ్డ కోసే ప్రేమలతను కూర్చోమంటే, "గా కుర్చీల కూసుంటే లేని నొప్పులు అస్తయి, నాకొద్దు" అనేసింది. ఇంకేం, మర్నాడే ఉమారాణి జగిత్యాల వెళ్లింది.

సంఘం అధ్యక్షురాలు దమయంతి ఒకప్పటి దొరల ఇంటి ఆడపడుచు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రిటైరైంది కాలేజీ నుంచే, పాఠాల నుంచి కాదు. ఉమారాణి చెప్పిందంతా విని, కళ్లద్దాలు తుడుచుకుంటూ అంది: "నువ్వు పోతే సిరిసిల్ల ఏం గావాలె ఉమా? తెలివి ఒక్క తలకాయల ఉండుడు సంస్థకు మంచిది గాదు. అందరికి అందాలె. శ్రీకాంత్ ఒక యాప్ చేస్తున్నడు. నీకు తెలిసిందంత దాంట్ల పెట్టు. అందరు దాంట్ల సూసుకొని, నీకు ఫోన్లు బందైన నాడు కోరుట్ల పో. నేనే సంతకం పెడుత."

శ్రీకాంత్ ఆవిడ మేనల్లుడు. యాప్ పేరు 'ఎరుక'. ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, ఎవరైనా జవాబు పెట్టొచ్చు. నచ్చిన జవాబుకు బొటనవేలి బొమ్మ నొక్కితే, ఎక్కువ బొటనవేళ్లు పడింది పైకొస్తుంది. నోటితో అడిగితే అన్నీ చదివి తనే జవాబు చెప్పే గొంతు కూడా పెట్టాడు అందులో. శిక్షణ రోజున గోడమీద బొమ్మలు వేసి అతను గంటలకొద్దీ చెప్పాడు. ఆడవాళ్లంతా బుద్ధిగా విని, భోజనంలో వంకాయకూర బాగుందన్నారు. చెప్పింది తలకెక్కించుకుంది ఉమారాణి ఒక్కతే. ఆమెకు అవసరముంది మరి.

ఆ తర్వాత రెండు నెలలు ఆమె పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషనులో దారం ఎందుకు తెగుతుందో తీరిగ్గా విప్పి చూపించింది. నిక్కరు తిరగేసి, జేబు కుట్టు దగ్గర వేలు పెట్టి వీడియో తీయించుకుంది. మహేశ్ దుకాణం మూసి ఫోను పట్టుకుని నిలబడితే, "చెయ్యి వణుకుతున్నది, మల్ల తియ్యి" అని అతని ప్రాణం తోడింది. ఆదివారాలు రచన పక్కన కూర్చుని తల్లి చెప్పేవన్నీ టైపు చేసింది.

"గిదంత రాస్తే నువ్వు ఇంటికస్తవా అమ్మా?"

"అస్త బిడ్డా. గందుకే గదా గీ బాధ."

అంతా పెట్టింది. ఇక మిగిలిందేమీ లేదు అనుకున్న రోజున సిరిసిల్ల కేంద్రంలో టీ తెప్పించి అందరికీ తనే పోసింది. టీ చల్లారకముందే ఫోను మోగింది.

ప్రేమలత. "తిన్నవా అక్కా?"

"తిన్న. ఏంది సంగతి?"

"బుగ్గారం నిక్కర్లకు జేబులు రెండు దిక్కులనా, ఒక్క దిక్కేనా?"

"ఎరుకల పెట్టిన గదనే! వీడియో సుత ఉన్నది. సూడు."

"సూసుడెందుకక్కా, నువ్వున్నవు గదా."

ఉమారాణి నోరుమూసుకుని ఉండాల్సింది. కానీ రెండువైపులా అని చెప్పేసింది. చెప్పాక తల బాదుకుంది. మర్నాడు జగిత్యాల కేంద్రంలో అందరికంటే పెద్దదైన కిష్టవ్వ, కాలరు గుడ్డ సంగతి. ఆ మర్నాడు మళ్లీ ప్రేమలత. ఎదురుగా నాలుగు కుర్చీల అవతల కూర్చుని కుట్టే ప్రవీణ కూడా, ఓ రోజు ఫోను చేతిలో పట్టుకునే లేచివచ్చి, ఆ ఫోనులో ఉన్న విషయమే అడిగింది. "నీ చేతులున్నదేంది? అద్దమా?" అని ఉమారాణి కసిరితే, "సదివితే మనసున పట్టదక్కా, నువ్వు చెప్తె పడతది" అంది ప్రవీణ ఏమాత్రం నొచ్చుకోకుండా. అలాంటివాళ్లను ఏమని తిట్టాలి? నేలకేసి కొట్టినా లేచొచ్చి 'తిన్నవా' అని అడుగుతారు.

జూన్ ముంచుకొచ్చింది. బడులు తెరిచారు. రచన ఫోనులో తల్లిని ఎప్పుడొస్తావని అడగడం మానేసింది, అదే ఉమారాణిని ఎక్కువ కోసింది. దాంతో ఓ రోజు మొండికెత్తింది. ప్రేమలత ఫోను చేసి, ఆకుపచ్చ గుడ్డ తడపాలా వద్దా అని అడిగితే, "ఎరుకల సూస్తెనే సూడు, లేకుంటే కొయ్యకు!" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక కుదురుగా ఉండలేకపోయింది. తడపకుండా కోస్తే చందుర్తి పిల్లలంతా పొట్టి చొక్కాలతో తిరుగుతారు.

కాసేపటికి మళ్లీ ప్రేమలతే.

"సూసిన అక్కా."

"శభాష్! ఏమున్నది?"

"నిన్నే అడుగమన్నది."

ఉమారాణికి మొదట అర్థం కాలేదు. ఎరుక తెరిచింది. 'ఆకుపచ్చ గుడ్డను తడపాలా?' దాని కింద, అందరికంటే పైన, కిష్టవ్వ జవాబు: 'ఉమక్కను అడుగుండ్రి.' పక్కనే ఉమారాణి ఫోను నంబరు. దానికి సంఘంలో ఉన్న బొటనవేళ్లన్నీ పడ్డాయి. ఇంకో ప్రశ్న చూసింది. ప్రవీణ: 'ఉమక్కకు ఫోన్ చేస్తే మంచిగ చెప్తది.' మరొకటి, ఇంకొకటి, ఎక్కడ చూసినా అదే. ప్రతి ఒక్కరూ వారం వారం కొన్ని జవాబులు పెట్టాలని, పెట్టనివాళ్ల పేర్లు గ్రూపులో చదువుతామని దమయంతి మేడం అప్పటికే హుకుం వేసింది, దాంతో అందరూ తమకు తెలిసిన ఒకే ఒక్క నిజాన్ని నిజాయితీగా రాశారు. ఉమారాణి చెమటోడ్చి తీయించిన వీడియోలు అట్టడుగున పడి ఉన్నాయి. ఆఖరికి ఆ యాప్ గొంతునే అడిగింది. అది అన్నీ చదివి, తియ్యగా చెప్పింది: "ఈ విషయం కోసం దయచేసి ఉమారాణి గారికి ఫోన్ చేయండి."

"నేనే ఉమారాణిని!" అని అరిచింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. పిచ్చి కోపం వచ్చింది ఆమెకు, కోపం వెనకే ఏడుపు కూడా వచ్చింది.

ఆ వారమే జగిత్యాలలో సమావేశం. గోడమీద శ్రీకాంత్ వేసిన లెక్కలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. "జవాబు లేని ప్రశ్న ఒక్కటి సుత లేదత్తా" అన్నాడు ముచ్చటగా. దమయంతి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు.

ఉమారాణి లేచింది. "జర గా జవాబులేందో సదువు సారూ."

శ్రీకాంత్ చదివాడు. ఒకటి, రెండు చదివి మూడోదాని దగ్గర గొంతు సన్నబడింది. ఎవరైనా నవ్వుతారని ఉమారాణి చూసింది. ఎవరూ నవ్వలేదు. "కరెక్టే గదా" అంది కిష్టవ్వ, పక్కావిడతో.

దమయంతి కళ్లద్దాలు తీసింది. "మరి ఇంత అవసరమున్న మనిషిని సిరిసిల్ల నుంచి ఎట్ల తియ్యాలె ఉమా? నువ్వే చెప్పు. ఫోన్లు బంద్ గాలేదాయె."

వెనకటికెవడో ముందుకు పోతే గొయ్యి, వెనక్కు పోతే నుయ్యి అన్నట్టయింది. ఉమారాణి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఓ మాట తట్టింది.

"మేడం, కిష్టవ్వ జగిత్యాల నుంచి ఫోన్ చేస్తది. ప్రేమలత కోరుట్ల నుంచి చేస్తది. నేను సిరిసిల్లల కూసోని చెప్త. గా చెప్పుడేదో కోరుట్లల కూసోని చెప్తె ఏమైతది? ఫోన్‌కు ఊరున్నదా? మీరందరు కలిసి నన్ను ఎరుకల పెట్టిండ్రు, సిరిసిల్లల పెట్టలే. నా బిడ్డ ఒక్కతి మాత్రం ఫోన్‌ల దొరికితే చాలదంటున్నది. దానికి మనిషే గావాలె."

దమయంతి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, ప్రవీణవైపు తిరిగింది. "సిరిసిల్ల నువ్వు సంభాళిస్తవా?"

"ఎందుకు సంభాళియ్య మేడం" అంది ప్రవీణ. "ఉమక్క నంబరు ఉన్నది గదా."

దమయంతి నవ్వి సంతకం పెట్టింది.

కోరుట్ల కేంద్రంలో చేరిన మొదటి సాయంత్రం ఉమారాణి ఇంటికొచ్చేసరికి రచన లెక్కల పుస్తకం ముందేసుకుని ఉంది.

"అమ్మా, గీ లెక్క అస్తలేదు."

"నాకేమెరుక బిడ్డా? పుస్తకంల ఉంటది సూడు."

"సూసిన. నీకు రాకున్నా మంచిదే, నువ్వు జర పక్కన కూసో."

ఉమారాణి కూర్చుంది. ఇన్నేళ్లూ అందరూ తనను ఎందుకు అడిగారో ఆమెకు కొంచెం తెలిసింది. తెలిసినా కోపం మాత్రం పోలేదు, ఎందుకంటే అప్పుడే ఫోను మోగింది. ఆ మీదట ఇంకోటి, ఇంకోటి. మూడోదానికి జవాబు చెప్పేసరికి రచన పుస్తకం మూసేసి పడుకుంది.

పొద్దున లేచి ఉమారాణి ఎరుకలో కొత్త జవాబు పెట్టింది: 'ఉమక్కను సాయంత్రం ఆరు దాకనే అడగాలె. ఆరు దాటితే ఆమె బిడ్డ దగ్గర కూసుంటది.' మధ్యాహ్నానికి దానికి బొటనవేళ్లన్నీ పడ్డాయి. యాప్ గొంతు కూడా అడిగినవాళ్లకు అదే చెప్పసాగింది. ఆ సాయంత్రం ఆరు దాటింది. ఫోను మోగలేదు. ఉమారాణి చార్జింగు చూసుకోబోయి, రచన చూస్తోందని చెయ్యి వెనక్కి తీసుకుంది. తల్లీకూతుళ్లు లెక్కల పుస్తకం తెరిచారు.

మోగింది. కిష్టవ్వ.

"తిన్నవా బిడ్డా? ఏంలేదు. ఆరు దాటితే నీకు ఫోన్ చెయ్యద్దని ఎరుకల ఉన్నదట. నిజమేనా, ఓసారి నిన్నడిగి తెలుసుకుందమని చేసిన."

ఉమారాణి నోరు తెరిచింది. అందులోంచి రాబోయిన మాటలు మూడిళ్ల దాకా వినబడేవే. ఈలోపు రచన ఫోను లాక్కుంది.

"నిజమే అమ్మమ్మా. అమ్మ నా దగ్గర కూసున్నది."

"గట్లనా! గట్ల మనిషి చెప్తె తెలుస్తది గదా" అని కిష్టవ్వ సంతోషంగా ఫోను పెట్టేసింది. రచన దాన్ని తీసుకెళ్లి వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి, వచ్చి తల్లిని ఆనుకుని కూర్చుంది.