కీబోర్డు మీద దస్తీ

వికారాబాద్‌లో మా కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జి సారు కుర్చీలోంచి లేస్తే, తాండూరు రైల్లో సీటు ఆపుకున్నట్టు కీబోర్డు మీద జేబులోని దస్తీ తీసి పరిచి పోయేవాడు. "ముట్టకమ్మా" అనేవాడు. నేను ఆయన కింద అసిస్టెంటుని.

పిల్లలు పరీక్షలు రాసే వర్చువల్ మెషీన్లతో, అంటే ఫైళ్ల రూపంలో ఉండే కంప్యూటర్లతో, లినక్స్ సర్వర్ డిస్కు నిండిపోతే, వాటన్నిటినీ ఆయన రెండో డిస్కులోకి మార్చాడు.

"సార్, సర్వర్ ఆన్ అయినప్పుడల్ల రెండో డిస్కు దానంతటదే మౌంట్ అయ్యి సర్వర్‌కు కనబడేటట్టు సెట్ చెయ్యాలె" అన్నాను.

"నాకెరుక. నువ్వు ముట్టకు" అన్నాడు.

పరీక్షనాడు కరెంటు పోయి వచ్చింది. ఒక్క మెషీనూ కనబడలేదు. ప్రిన్సిపాల్ రాగానే సారు నన్ను చూపించాడు. "గీమెనే ఏందో ముట్టింది సార్. అన్నీ పోయినయ్."

ఏవీ పోలేదు. రెండో డిస్కు మౌంట్ కాక సర్వర్‌కు కనబడలేదు, అంతే. దస్తీ తీసి ఆయన చేతిలో పెట్టి, దాన్ని మౌంట్ చేసే ఒక్క లైను కమాండు కొట్టాను. మెషీన్లన్నీ తిరిగొచ్చాయి.

"అప్పుడు ముట్టలే సార్. ఇప్పుడు ముట్టిన" అన్నాను ప్రిన్సిపాల్‌తో.

నా కసి అక్కడితో తీరలేదు. ఇప్పటికీ సాయంత్రం రైల్లో ఆయన సీటు కోసం వెతుకుతూ కనబడితే, నా పక్క ఖాళీ సీటు మీద నా దస్తీ పరుస్తాను.